దక్షిణానికి వాలిన మబ్బు

తూర్పున సముద్రం మీద వెలుగు విచ్చుకునే వేళకి వాలుపెట్టె అడుగు వరసల్లో గొట్టాలు ఒక పక్క ఎక్కువగా, రెండో పక్క తక్కువగా మోగడం మొదలైంది. మోత అంటే చెవికి వినిపించేది కాదు, తెర మీద పచ్చ చుక్కలు. పదహారేళ్లుగా ఆ చుక్కలతోనే కాపురం చేస్తున్న పేడాడ హైమవతికి మాత్రం అది మోతే. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "నరహరిగారూ, ఒకసారి ఇలా రండి" అంది.

సనపల నరహరి, హైమవతి నడిపే గుమ్మకొండ పరిశోధన కేంద్రంలో పరికరాలు చూసే పెద్దాయన. పెట్టెలోని మూడువేల ఆరువందల ఇనప గొట్టాల్లో ప్రతిదాన్నీ తన చేత్తో తుడిచి, గ్యాసు నింపి, మూత బిగించినవాడు. కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"మొన్న సూర్యుడి మీంచి లేచిన మబ్బే కదమ్మా ఇది?"

"అదే. మధ్యాహ్నం ఒంటిగంటకి మన దగ్గరికొస్తుంది."

"ఉత్తరానికే ఉన్నట్టుందే."

"ముందు భాగం ఉత్తరమే. వెనకాల చూడండి, ఎలా మెలిదిరిగిందో."

నరహరి చూశాడు. చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వాలుపెట్టె చేసే పని మాటల్లో చెప్పాలంటే చిన్నదే. నక్షత్రాల నడుమ నుంచి కంటికి కనబడని కణాల జల్లు ఒకటి ఎప్పుడూ భూమ్మీద పడుతూనే ఉంటుంది. సూర్యుడు అప్పుడప్పుడు విసిరే అయస్కాంత మబ్బు ఆ జల్లుకి అడ్డుపడి దాన్ని ఒక పక్కకి వాలుస్తుంది. ఎటు ఎంత వాలిందో కొలిస్తే మబ్బు లోపలి అయస్కాంత బలం ఏ దిక్కుకి ఉందో గంటల ముందే తెలిసిపోతుంది. ఉత్తరానికి ఉంటే మబ్బు భూమి చుట్టూ ఉన్న అయస్కాంత కంచెని రాసుకుంటూ పోతుంది. దక్షిణానికి ఉంటే కంచెకి గడియ తీసినట్టే. సూర్యుడి గాలి తెచ్చిన బలమంతా లోపల పడి, ఆకాశంలో ఎప్పుడూ పారే కరెంటు ఏరుల్ని వరదలు చేస్తుంది. పైన ఆ వరద పోటెత్తితే, కింద వందల మైళ్లు సాగిన గ్రిడ్ తీగల్లో ఎవరూ పంపని కరెంటు పుట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లని లోపల్నుంచి కాల్చేస్తుంది. అలాంటిది ఒక్కటి కాలితే, కొత్తది చేయించి తెచ్చి నిలబెట్టడానికి ఏడాదిన్నర.

అంతరిక్షంలో కాపలా ఉన్న ఉపగ్రహం కూడా దిక్కు చెబుతుంది. కానీ మబ్బు తనని తాకాకే చెబుతుంది. అప్పటికి మిగిలేది అరగంట. అరగంటలో మూడు రాష్ట్రాల్లో కరెంటు తీసి గ్రిడ్‌ని పద్ధతిగా దించడం ఎవరి తరమూ కాదు. అందుకే హైమవతి ఈ పెట్టె కట్టింది.

"ఆ వెనక భాగం దక్షిణమవడానికి నూటికెంత వస్తుంది?" అన్నాడు నరహరి.

"ఎనభై ఒకటి."

"ఆ రోజు..." అని ఆగిపోయాడాయన.

ఆ రోజు అరవై రెండు. ఆ అంకె ఈ భూమ్మీద వాళ్లిద్దరికే తెలుసు.

రెండేళ్ల కిందట, ఆషాఢంలో, వాలుపెట్టె మొదటిసారి దక్షిణం అంది. గ్రిడ్ చీఫ్ ఇంజనీరు ఇనుగంటి రామభద్రం ఫోన్లో ఒకే మాట అడిగాడు. "ఖాయమేనా హైమవతిగారూ?" అరవై రెండు అంటే ఆయన గ్రిడ్ దించడు. దించకపోతే, మబ్బు నిజంగా దక్షిణమే అయితే, రాష్ట్రాలు నెలల తరబడి చీకట్లో పడతాయి. ఒక్క క్షణం ఆలోచించి ఆమె "ఖాయం" అంది.

మబ్బు ఉత్తరానికి వాలి, ఏ చప్పుడూ లేకుండా వెళ్లిపోయింది. ఆరు గంటలు కరెంటు లేక జనం తిట్టుకున్నారు. ఆస్పత్రుల్లో జనరేటర్లున్నాయి గనక ప్రాణనష్టం లేదని కాగితాల మీద రాసుకున్నారు. కానీ కొండకి పాతిక మైళ్ల దూరంలో, లింగాలమెట్ట అనే ఊళ్లో, జీడిపప్పు బట్టీల పొగ ఇరవై ఏళ్లు పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న దుంపల ఢిల్లేశ్వరరావు ఇంట్లో మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. చిన్న సిలిండరొకటుంటే అది రెండు గంటలకే అయిపోయింది. నాలుగో గంట నిండకుండా ఆయన పోయాడు.

ఢిల్లేశ్వరరావు హైమవతి చెల్లెలు కాంచన మొగుడు. కాంచన ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ పొద్దు వేరే ఊళ్లో పురుడు పోస్తోంది. జనం కంగారుపడతారని హెచ్చరికని బయటికి పొక్కనివ్వకూడదన్న ఉత్తరువు ఉండేది. హైమవతి ఆ ఉత్తరువుని పాటించింది. ఒక్క ఫోను చేసుంటే కాంచన ఇంకో సిలిండరు తెచ్చి పెట్టుకునేది. దినకర్మల రోజున కాంచన అక్కతో అన్న మాట ఒక్కటే. "నీకు పొద్దున్నే తెలుసు." ఆ తర్వాత అక్కాచెల్లెళ్ల మధ్య ఫోను మోగలేదు.

"ఫోను కలపనా?" అన్నాడు నరహరి.

"కలపండి."

రామభద్రం గొంతులో నిద్ర లేదు. మబ్బు సంగతి ఆయనకీ తెలుసు. "చెప్పండి. ఎటు?"

"ముందు భాగం ఉత్తరం సార్. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర గంటల సేపు ఏమీ జరగదు. ఆ తర్వాత తోక భాగం దక్షిణానికి తిరుగుతుంది. సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య. చాలా బలంగా ఉంది. ఇలాంటిది నేను ఇంతవరకు చూడలేదు."

"ఖాయమేనా?"

"కాదు సార్. నూటికి ఎనభై ఒకటి."

"ఎనభై ఒకటితో మూడు కోట్ల ఇళ్లల్లో కరెంటు ఎలా తీయమంటారమ్మా? కిందటిసారి ఖాయమన్నారు. అప్పుడే తప్పింది."

హైమవతి రిసీవరు రెండో చేతికి మార్చుకుంది. "కిందటిసారి అరవై రెండు సార్. మీకు ఖాయమని చెప్పాను."

నరహరి తలెత్తి ఆమె వైపు చూశాడు.

"అంటే నాతో అబద్ధం చెప్పారు."

"చెప్పాను."

"ఇప్పుడు మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?"

"ఇప్పుడు నేను అంకె చెబుతున్నాను. నిర్ణయం మీది. అప్పుడు నేను మీ నిర్ణయాన్ని లాగేసుకున్నాను. లెక్కలన్నీ మీ ఇంజనీర్లకి పంపుతున్నాను, వాళ్లనీ వేసి చూడమనండి. ఇంకొకటి సార్. ఈసారి రహస్యం వద్దు. ఇళ్లల్లో మిషన్ల మీద బతికే మనుషులున్నారు. వాళ్లకి ఇప్పుడే తెలియాలి."

రామభద్రం మాట ఇవ్వలేదు. ఫోను పెట్టేసి, నలభై నిమిషాల తర్వాత ఆయనే చేశాడు. "మా వాళ్లకి డెబ్బై తొమ్మిది వచ్చింది. రెండింటికి దించడం మొదలుపెడతాను. ఎనిమిదింటికల్లా రేడియోలో చెబుతారు. మిషన్ల మీదున్నవాళ్ల సంగతి కలెక్టర్లకి చెప్పాను. కానీ ఎవరెక్కడున్నారో వాళ్లకేం తెలుస్తుంది? జాబితా ఏదీ?" అని, కాస్త ఆగి, "ఇదంతా అయ్యాక మనం మాట్లాడుకోవాలి హైమవతిగారూ" అన్నాడు.

"మాట్లాడదాం సార్."

పెట్టెని నరహరికి అప్పగించి ఆమె జీపెక్కింది. "అంకె ఏమాత్రం కదిలినా ఫోను చెయ్యండి" అంటే, "మీరు ఎక్కడికి?" అన్నాడాయన. "లింగాలమెట్టకి" అంది.

ఆరోగ్య కేంద్రం వరండాలో పసిపిల్లలకి టీకాలు వేస్తున్నారు. జీపు ఆగడం కాంచన చూసింది. చేతిలో ఉన్న పిల్లకి సూది వేసి, దూది అద్ది, తల్లికి అందించి, అప్పుడు మెట్లు దిగింది. నలభై నాలుగేళ్లకే జుట్టు సగం నెరిసింది.

"ఎందుకొచ్చినావు?"

"ఈ మధ్యాహ్నం రెండింటికి కరెంటు తీసేస్తారు. రాత్రి దాకా రాదు. ఇంకా ఎక్కువే కావచ్చు. రేడియోలో ఎనిమిదింటికి చెబుతారు. నీకు ముందుగా చెబుదామని వచ్చాను."

"ఇప్పుడు గుర్తొచ్చినానేటి?"

"ఇంకో మాట కూడా చెప్పాలి. విన్నాక నన్ను పొమ్మంటే పోతాను." హైమవతి అరవై రెండు సంగతి చెప్పింది. వంకలేమీ పెట్టకుండా, ఎవరడిగితే ఏమన్నదో, ఏం తెలిసీ ఏం దాచిందో చెప్పింది.

వరండాలో ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. కాంచన ఆ ఏడుపు తగ్గేదాకా అటే చూస్తూ నిలబడింది.

"అంటే నూటికి ముప్పై ఎనిమిది వంతులు ఆ కరెంటు తియ్యక్కర్లేదు."

"అవును."

"రెండేళ్లు... నేను ఆ పురిటికి ఎల్లకపోతే ఆయన బతికుండేవాడని నన్ను నేను తిట్టుకుంటన్నాను. తెలుసా నీకు?"

హైమవతి అక్కడే నిలబడింది. కాంచన లోపలికి వెళ్లింది. ఇక రాదనుకున్నంత సేపు గడిచింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో అట్ట చినిగిన పొడుగాటి రిజిస్టరు ఉంది.

"ఆయన పోయిన నెలకి రాసినాను. పదకొండూళ్లు. ఆక్సిజన్ మిషన్లున్నోళ్లు, మధ్యాహ్నం డయాలసిస్‌కి ఎల్లేవోళ్లు, ఫ్రిజ్జుల్లో ఇన్సులిన్ పెట్టుకున్నోళ్లు. నలభయ్యొక్క ఇళ్లు. ఎవరూ అడగలేదు, నేనే రాసుకున్నాను." టైము చూసుకుంది. "ఏడున్నర. నీ జీపులో ఎంతమంది పడతారు?"

"పడుకోబెడితే ఇద్దరు. కూర్చుంటే ఆరుగురు."

"ఎక్కు మరి."

ఆ పొద్దంతా అక్కాచెల్లెళ్లు ఉద్దానం జీడితోటల మధ్య మట్టి దారుల్లో తిరుగుతూనే ఉన్నారు. రేడియో మాట విన్నాక కొందరు సంచులు సర్దుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. కొందరు ఇల్లు కదిలేది లేదన్నారు. మధ్యాహ్నం డయాలసిస్ ఉన్న తొమ్మిదిమందిని పట్నంలో డాక్టర్ని బతిమాలి పొద్దుటి వంతులోకి మార్పించి ఆటోలెక్కించింది కాంచన. బమ్మిడి లోకనాథం అనే ముసలాయన మంచం పట్టె గట్టిగా పట్టుకుని రానన్నాడు.

"కిందటిసారీ ఇలాగే బయపెట్టినారు. ఏటయింది? ఏటీ కాలేదు."

"నా మొగుడు పోయినాడు పెదనాన్నా" అంది కాంచన మామూలుగా. "నీ మిషన్ నేను మోస్తాను. నువ్వు నడు."

ఆయన లేచాడు. ఆ మిషన్‌కి రెండో వైపు హైమవతి పట్టుకుంది. గుమ్మం దాటేటప్పుడు కాంచన అక్కతో, "నెమ్మదప్పా, మెట్టుంది" అంది.

ఒంటిగంటన్నరకి ఆరోగ్య కేంద్రం హాల్లో ముప్పై రెండు మంచాలూ చాపలూ పరుచుకున్నాయి. జనరేటరు మొదలైంది. రెండింటికి చుట్టూ ఊళ్లల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. బావుల దగ్గర మోటార్లు ఆగిపోయాయి. ఊళ్ల చప్పుడు అణగడంతో, జనరేటరు మోతలో కూడా సముద్రపు హోరు హాలు దాకా వినిపించింది.

మబ్బు ఒంటిగంట దాటిన పది నిమిషాలకే వచ్చి తాకిందని నరహరి చెప్పాడు. ఉత్తరానికే ఉంది. మూడింటికీ ఉత్తరమే. మూడున్నరకీ ఉత్తరమే. ఆకాశం నీలంగా, ఎప్పటిలాగే ఉంది. హాల్లో ఉక్కపోత. జనరేటరు నడిపే మనిషి వచ్చి డీజిలు ఏడింటి దాకా వస్తుందన్నాడు.

నాలుగింటికి రామభద్రం ఫోను. గొంతు అలిసిపోయి ఉంది. "హైమవతిగారూ, రెండు గంటలుగా ఏమీ లేదు. పై నుంచి ఒకటే ఒత్తిడి. పొరుగు గ్రిడ్ వాళ్లు అసలు దించనేలేదు, వాళ్ల దగ్గర అంతా సవ్యంగా ఉంది. మంత్రిగారి ఆఫీసు నుంచి నాలుగుసార్లు అడిగారు. నాలుగున్నరకి తిరిగి ఎక్కించమంటున్నారు."

"సార్, ఇది నేను పొద్దున్న చెప్పినట్టే ఉంది. మూడున్నర గంటలు ఉత్తరం అన్నాను. ఇంకా అరగంట ఉంది."

"ఆ అంకె ఇప్పుడెంత?"

ఆమె రెండో ఫోన్లో నరహరిని అడిగింది. గొట్టాల మోతలో తోక భాగం మెలిక అలాగే ఉంది, ఇంకా స్పష్టపడింది. "ఎనభై ఎనిమిది. నూరు కాదు సార్. పన్నెండు వంతులు నా మాట తప్పే కావచ్చు."

"మీరు నా చోట ఉంటే?"

"మీ చోట నేనొకసారి కూర్చున్నాను సార్, అడక్కుండానే. మళ్లీ కూర్చోను. ఒకటి మాత్రం చెప్పగలను. ఐదున్నర దాకా ఆగితే మీరు పోగొట్టుకునేది గంటన్నర. ఇప్పుడు ఎక్కించి నేను చెప్పింది నిజమైతే పోగొట్టుకునేది ఏడాదిన్నర."

"ఐదున్నర" అన్నాడాయన. "ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆగను."

ఆమె ఫోను దించేసరికి హాలంతా ఆమె వైపే చూస్తోంది. ఒక రోగి కొడుకు, పడవ మీద వేటకెళ్లే మనిషి, లేచి నిలబడ్డాడు. "మల్లీ అబద్దమేనేటి నర్సమ్మా? ఈవిడేనా కిందటిసారి కరెంటు తీయించింది?"

కాంచన నోరు తెరిచేలోగా హైమవతి ముందుకొచ్చింది. "నేనే. కిందటిసారి నాకు సగం సగం తెలిసినదాన్ని పూర్తిగా తెలిసినట్టు చెప్పాను. ఈమె భర్త అందుకే పోయాడు. ఈసారి నాకు తెలిసినంతే చెబుతున్నాను. సూర్యుడి నుంచి వచ్చే గాలికి ఒక దిక్కుంటుంది. ఇప్పటిదాకా అది మనల్ని తాకకుండా పక్కనుంచి పోయింది. కాసేపట్లో దిక్కు మారుతుందని నా పెట్టె అంటోంది. మారితే మన తీగల్లో కరెంటు లేకపోవడమే మనకి మంచిది. నూటికి ఎనభై ఎనిమిది వంతులు మారుతుంది. మారకపోతే మీరు నన్ను ఏమన్నా అనండి. ఇక్కడే ఉంటాను."

ఆ మనిషి కాంచన వైపు చూశాడు. "నువ్వేటంటావు?"

"డీజిలు ఏడింటికి అయిపోతాది" అంది కాంచన. "ఈవిడని తిట్టడానికి తర్వాత బోల్డంత టైముంది. మీ పడవల్లో క్యాన్లున్నాయి కదా? ఎన్ని తేగలవు?"

అతను బయటికి నడిచాడు. కాసేపటికి మోటారు సైకిల్ చప్పుడు సముద్రం వైపు వెళ్లింది.

నాలుగు యాభై ఒకటి. నరహరి ఫోన్లో అరిచాడు. "తిరిగిందమ్మా! ఉపగ్రహం చెప్పింది. దక్షిణం. నిట్టనిలువుగా దక్షిణం. అంకె చదవనా?"

"చదవండి." ఆయన చదివాడు. ఆమె పుస్తకాల్లో కూడా చూడని అంకె.

ఆ తర్వాతి గంటలో హాల్లో ఎవరికీ ఏమీ కనిపించలేదు. మిషన్లు బుసబుసమంటూ నడిచాయి. లోకనాథం నిద్రపోయాడు. కొండ మీద నరహరి అయస్కాంతపు ముల్లు గీతలు గోడలకి కొట్టుకున్నట్టు ఊగడం చూస్తూ ఫోన్లో ఒక్కో మాటా చెబుతున్నాడు. ఖాళీ తీగల్లో కూడా కరెంటు పారుతోందట, ఎవరూ పంపకుండానే. ఐదున్నరకి రామభద్రం ఫోను రాలేదు. ఆరుంపావుకి వచ్చింది.

"పొరుగు గ్రిడ్‌లో ఏడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి. రెండు ఇంకా మండుతున్నాయి" అన్నాడు. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు. "మనవి ఒక్కటీ పోలేదు."

పొద్దుగూకే వేళ ఉత్తరాన చెట్ల పైన ఆకాశం ఎర్రబడింది. సూర్యుడు అస్తమించింది పడమర. ఉత్తరాన ఎరుపేమిటని ముసలివాళ్లు బయటికొచ్చి దండాలు పెట్టారు. హైమవతి వరండా స్తంభానికి ఆనుకుని చూసింది. ఇలాంటి మబ్బు తాకినప్పుడు ధ్రువాల దగ్గర వెలిగే ఆ వెలుగు ఇంత దక్షిణాన కనబడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పక్కన కాంచన డీజిలు క్యాన్లు లెక్కపెడుతోంది. ఒకసారి తలెత్తి ఆ ఎరుపుని చూసి, "ఇంకెంతసేపుంటాది?" అంది.

"మూడు నాలుగు గంటలు. తగ్గాక కరెంటు మెల్లగా ఊరూరికీ ఎక్కిస్తారు."

"పద్నాలుగు క్యాన్లు. తెల్లారేదాకా వచ్చీస్తాది" అని కాంచన లోపలికి వెళ్లింది.

పదకొండూళ్లలో నలభయ్యొక్క ఇళ్లవాళ్లూ మర్నాడు ఇళ్లకి చేరారు. కానీ మిగతా మండలాల్లో కాంచనలు లేరు, రిజిస్టర్లు లేవు. రేడియో విని కొందరు తమంతట తామే ఆస్పత్రులకి చేరారు. విననివాళ్లు, కదలలేనివాళ్లు ఇళ్లల్లోనే ఉండిపోయారు. వాళ్లలో ఆరుగురు పోయారు. ఈసారి కాగితాల మీద ఆ ఆరుగురి పేర్లూ పడ్డాయి, ఎందుకంటే హైమవతి పట్టుబట్టి రాయించింది.

ఆ రోజు జరిగినదాని మీద విచారణ విశాఖపట్నంలో జరిగింది. ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. గ్రిడ్‌ని కాపాడినందుకు ఆమెని మెచ్చుకుంటూ కాగితం ముందే తయారుచేసి పెట్టుకున్నారు. ఆమె లేచి, దానికంటే ముందు రెండేళ్ల కిందటి సంగతి రాసుకోమంది. అరవై రెండు అన్న అంకె చెప్పింది.

అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. "అది ఎవరూ అడగలేదు కదమ్మా. ఇప్పుడెందుకు?"

"ఎవరూ అడగలేదనే రెండేళ్లు దాచాను సార్."

వెనక వరసలో సాక్ష్యం చెప్పడానికొచ్చిన కాంచన, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది.

రామభద్రాన్ని అడిగితే ఆయన సూటిగానే చెప్పాడు. "కిందటిసారి ఈవిడ నన్ను మోసం చేశారు. ఈసారి మోసం చెయ్యలేదు. రెండూ రాసుకోండి."

గుమ్మకొండ కేంద్రం పెద్ద పదవి ఆమె చేతిలోంచి తీసేశారు. కొండ నరహరికి అప్పగించారు. ఇకమీద హెచ్చరిక వచ్చిన వెంటనే, అంకెతో సహా, అందరికీ చెప్పాలని ఉత్తరువు వేశారు. మండలం మండలానికీ కాంచన రాసినట్టే జాబితాలు రాయాలన్నారు. ఆ పనికి మనుషులు కావాలన్నప్పుడు హైమవతి చెయ్యెత్తింది. మీరు శాస్త్రవేత్త, ఇది మీ పని కాదు కదా అని ఒకాయన నొచ్చుకున్నాడు. "పెట్టె కట్టినప్పుడే ఇదీ నా పనే సార్. నాకే తెలియలేదు" అందామె.

మెట్ల దగ్గర రామభద్రం ఎదురుపడ్డాడు. చెయ్యి కలపలేదు. "మళ్లీ పెట్టె దక్షిణం అన్నప్పుడు అంకె మీ నోటినుంచే వినాలనుకున్నాను" అన్నాడు. "నరహరిగారు నాకంటే జాగ్రత్త సార్" అందామె. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

కార్తీకం వెళ్లిన తర్వాతి సోమవారం పొద్దున ఇద్దరూ కాంచన స్కూటీ మీద పక్క మండలంలోకి దిగారు. మొదటి ఊరికి ముందు చిన్న కాలవ అడ్డొస్తే కాంచన బండి ఆపింది. వెనక్కి తిరక్కుండానే అంది. "నిన్ను క్షమించీసినానని అనుకోకు."

"అనుకోలేదు."

"ఎప్పటికైనా క్షమిస్తానో లేదో కూడా తెలీదు."

"సరే."

"నీళ్లు లోతుంటే దిగి నడవాలి. చీర ఎత్తి కట్టుకో."

మోకాళ్ల లోతు నీళ్లలో స్కూటీని ఇద్దరూ తోసుకుంటూ దాటించారు. ఒడ్డెక్కాక చీరలు పిండుకున్నారు. ఊరి మొదట్లో పెంకుటిల్లు, ముంగిట్లో ఆరబోసిన వడ్లు. కాంచన బండికి స్టాండు వేసి, రిజిస్టరు హైమవతికి ఇచ్చింది. "ఈ ఇల్లు నువ్వడుగు."

హైమవతి గుమ్మం దగ్గరికి నడిచింది. లోపల్నుంచి ఒక ముసలామె కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

"ఎవరమ్మా మీరు?"

యాభై ఏళ్లొచ్చిన హైమవతి పెద్ద పెద్ద సభల్లో మాట్లాడింది. ఇప్పుడు మాటలు వెతుక్కోవలసి వచ్చింది. "అవ్వా, మీ ఇంట్లో కరెంటు పోతే ఊపిరాడని మనుషులు ఎవరైనా ఉన్నారా?"

ముసలామె ఆమెని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. తడిసిన చీర, చేతిలో రిజిస్టరు, వెనక నిలబడ్డ నర్సు. పక్కకి జరిగి దారిచ్చింది.

"నా కూతురుంది, ఆ గదిలో. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. రండి."

హైమవతి చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.